ఆ గడిలో కూర్చున్నది ఏ బి కణం?

పోయిన నెల బి కణాల గురించి, అంటే యాంటీబాడీలు తయారుచేసే తెల్ల రక్తకణాల గురించి, ఒక చిన్న వ్యాసం రాసి, చివర "సందేహాలుంటే రాయండి" అన్నాను. మర్యాదకి అన్న మాటే గానీ మీరు నిజంగానే రాశారు. ఉత్తరాలన్నీ దాదాపు ఒకే చుట్టు తిరిగాయి: మనిషి బి కణాలను రకాలుగా ఎలా విడదీస్తారు, ఒక్కో పేపర్‌లో ఒక్కో పేరు ఎందుకుంటుంది అని. ఒకేలాంటివి కలిపేశాను. కొన్నింటికి జవాబు పొడుగైంది, కొన్నింటికి రెండు ముక్కల్లో తేల్చేశాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మేడమ్, మైక్రోస్కోప్‌లో చూస్తే న్యూట్రోఫిల్ వేరు, లింఫోసైట్ వేరు అని తెలిసిపోతుంది. బి కణాల్లో నైవ్, మెమరీ, ట్రాన్సిషనల్ అంటారు కదా, అవి కూడా చూస్తే తెలుస్తాయా?
– డిగ్రీ విద్యార్థి

జవాబు: తెలియవు. యాంటీబాడీలు వదలడమే పనిగా మారిన బి కణం, అంటే ప్లాస్మా కణం, ఒక్కటే కాస్త గుర్తుపట్టేలా ఉంటుంది, ఒళ్ళు చేసి, కేంద్రకం ఒక పక్కకి జరిగిపోయి. మిగతావన్నీ స్లైడ్ మీద గుండ్రటి ఊదారంగు చుక్కలే. పక్కనున్న టి కణానికీ బి కణానికీ తేడా కూడా కంటితో చెప్పలేం, ఇక బి కణాల్లో బి కణాలను విడదీయడం ఎక్కడ?

అసలు ఆ "బి" అక్షరం కూడా కణాన్ని చూసి పెట్టింది కాదు. కోడికి పేగు చివర బర్సా అనే చిన్న సంచి ఉంటుంది, పిల్లగా ఉన్నప్పుడే దాన్ని తీసేస్తే ఆ కోడి యాంటీబాడీలు సరిగా తయారుచేయలేకపోతోందని 1956లో బ్రూస్ గ్లిక్ బృందం రాసింది. కోళ్ళ శాస్త్రం పత్రికలో అచ్చయింది కాబట్టి ఇమ్యునాలజీ వాళ్ళ కంట్లో వెంటనే పడలేదు. తర్వాత 1965లో మాక్స్ కూపర్, రాబర్ట్ గుడ్ వాళ్ళు లింఫోసైట్లలో రెండు వంశాలున్నాయని, ఒకటి థైమస్‌ని, ఇంకొకటి బర్సాని నమ్ముకుని పెరుగుతాయని చూపించారు. మనుషులకి బర్సా లేదు, ఆ పని ఎముక మజ్జ చేస్తుంది. అక్షరం మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు విడదీసేది కణం పైపొర మీదున్న ప్రొటీన్లను బట్టి. ఒక్కో ప్రొటీన్‌కి మాత్రమే అతుక్కునే మోనోక్లోనల్ యాంటీబాడీ ఉంటుంది (1975లో కోలర్, మిల్‌స్టైన్ ఆ పద్ధతి కనిపెట్టారు, 1984లో నోబెల్ వచ్చింది). దాని తోకకి ఒక మెరిసే రంగు కట్టి రక్తకణాల్లో కలుపుతాం. ఆ కణాలను ఫ్లో సైటోమీటర్ అనే యంత్రం సన్నటి నీటిధారలో ఒకదాని వెనక ఒకటిగా లేజర్ ముందు నుంచి పంపిస్తుంది, సెకనుకి కొన్ని వేల కణాలు. ఒక్కో కణం ఏ రంగులో ఎంత మెరిసిందో లెక్క రాసుకుంటుంది. తెర మీద ఒక్కో కణం ఒక్కో చుక్క. ఆ చుక్కల గుంపు చుట్టూ మనం మౌస్‌తో గీసే గీత పేరే గేటు.

సీడీ19, సీడీ27 లాంటి నంబర్లు ఎక్కడివి అని ఇంకొకరు అడిగారు. ఒకే ప్రొటీన్‌కి తలా ఒక పేరు పెట్టుకుని గందరగోళం అవుతుంటే 1982లో పారిస్‌లో కూర్చుని అందరూ ఒకే వరుస నంబర్లు వాడదామని మొదలుపెట్టారు. ప్రొటీన్ల పేర్ల గొడవ అలా చాలావరకు తీరింది. కణాల పేర్ల గొడవే తీరలేదు, మిగతా ఉత్తరాలన్నీ దాని గురించే.

ప్రశ్న: మా గైడ్ ఐజీడీ, సీడీ27 పెట్టి నాలుగు గడులు గీయమన్నారు, గీశాను. కానీ ఒక పేపర్‌లో సీడీ27 ఉంటేనే మెమరీ అంటారు, ఇంకో పేపర్‌లో అది లేని మెమరీ కూడా ఉందంటారు. నా థీసిస్‌లో ఏది రాయాలి? బుర్ర తిరిగిపోతోంది.
– ప్రాజెక్ట్ విద్యార్థిని

జవాబు: ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు, ముందు ఆ టెన్షన్ వదిలేయండి.

1990ల చివర్లో చాలా ల్యాబులు ఒకే సంగతి గమనించాయి. రక్తంలో సీడీ27 ఉన్న బి కణాల యాంటీబాడీ జన్యువుల్లో మ్యుటేషన్లు ఉంటున్నాయి, లేని వాటిలో దాదాపుగా ఉండటం లేదు. యాంటీజెన్‌తో (యాంటీబాడీ పట్టుకునే పదార్థంతో) ఒకసారి తలపడి, పదును పెట్టుకుని వచ్చిన కణానికే ఆ మ్యుటేషన్లు ఉంటాయి. కాబట్టి సీడీ27 ఉంటే మెమరీ, లేకపోతే నైవ్, అంటే ఇంకా యాంటీజెన్ ముఖం చూడనిది. సులువైన లెక్క, ఒక్క యాంటీబాడీతో పని అయిపోతుంది, అందరూ పట్టుకున్నారు. దానికి ఐజీడీ (బి కణం పైపొర మీదుండే ఒక రకం యాంటీబాడీ) కలిపితే మీ నాలుగు గడులు వచ్చాయి. అడ్డంగా సీడీ27, నిలువుగా ఐజీడీ పెట్టారనుకుని ఒక్కో గడి చూద్దాం.

పైన ఎడమ గడి: ఐజీడీ ఉంది, సీడీ27 లేదు. దీన్ని నైవ్ అని రాస్తారు. కానీ ఎముక మజ్జ నుంచి అప్పుడే బయటికొచ్చిన ట్రాన్సిషనల్ కణాలు కూడా ఇందులోనే ఉంటాయి. సీడీ24, సీడీ38 రెండూ బాగా ఎక్కువగా ఉండటం చూసి వాటిని పక్కకి తీయాలి, సీడీ10 కూడా ఉంటే ఇంకా నమ్మకం. అవి కాక సీడీ21 తగ్గి సీడీ11సీ పెరిగిన, రెచ్చగొట్టబడిన నైవ్ కణాలు, ఐజీడీ ఉండి ఐజీఎం దాదాపు లేని మొద్దుబారిన కణాలు కూడా ఇక్కడే కూర్చుంటాయి. పెద్దవాళ్ళ రక్తంలో సాధారణంగా అన్నిటికంటే పెద్ద గడి ఇదే కాబట్టి లోపల ఏముందో ఎవరూ అడగరు.

పైన కుడి: రెండూ ఉన్నాయి. దీనికి అన్‌స్విచ్డ్ మెమరీ, ఐజీఎం మెమరీ, మార్జినల్ జోన్ లాంటి కణాలు అని మూడు పేర్లు, ఒక్కో పేరు వెనక ఒక్కో వాదం. పుట్టుకతో సీడీ40 లైగాండ్ (టి కణం బి కణానికి సంకేతమిచ్చే ప్రొటీన్) పనిచేయని పిల్లల్లో జెర్మినల్ సెంటర్లు, అంటే బి కణాలు పదును పెట్టుకునే చోట్లు, ఏర్పడవు, అయినా వాళ్ళ రక్తంలో ఈ కణాలు కొన్ని, మ్యుటేషన్లతో సహా, ఉంటాయి. కాబట్టి ఇవి వేరే దారిలో పుడతాయి, మెమరీ అనకూడదని ఒక పక్షం. ఆరోగ్యవంతుల్లో వీటికీ స్విచ్డ్ కణాలకీ బంధుత్వం కనిపిస్తోంది కదా, జెర్మినల్ సెంటర్ నుంచే వచ్చాయని ఇంకో పక్షం. నాకు రెండు రకాలూ ఆ గడిలో కలిసే ఉన్నాయనిపిస్తుంది. ఐజీడీ, సీడీ27 రెండే చూసేవాళ్ళకి ఆ తేడా తెలిసే దారి మాత్రం లేదు.

కింద కుడి: ఐజీడీ లేదు, సీడీ27 ఉంది. స్విచ్డ్ మెమరీ అంటాం, అంటే యాంటీబాడీ రకం ఐజీజీకో ఐజీఏకో మారినవి. మీరు ఐజీఎం కూడా పెట్టారా? పెట్టకపోతే ఐజీడీ పోయి ఐజీఎం మిగిలిన కణాలు కూడా "స్విచ్డ్" లెక్కలో కలిసిపోతాయి, అవి స్విచ్ కానేలేదు. ప్లాస్మా కణాలు కాబోతున్న ప్లాస్మాబ్లాస్టులు కూడా ఈ గడికే వస్తాయి, సీడీ27, సీడీ38 రెండూ ఆకాశాన్ని అంటేవి అవే. టీకా వేసిన వారం రోజులకి రక్తం తీసి, వాటిని ముందే తీసేయకుండా "మెమరీ పెరిగింది" అని రాసిన స్లైడు నేను ఒక సెమినార్‌లో చూశాను. పెరిగింది మెమరీ కాదు, యాంటీబాడీలు కక్కుతూ దారిలో పోతున్న ప్లాస్మాబ్లాస్టులు.

కింద ఎడమ: రెండూ లేవు, డబుల్ నెగెటివ్. చాలాకాలం దీన్ని చెత్తబుట్టలా చూశారు. తీరా జన్యువులు చదివి చూస్తే ఇందులో చాలా కణాలకి మ్యుటేషన్లూ ఉన్నాయి, స్విచ్ కూడా అయ్యాయి. మీ రెండో పేపర్ చెప్పే "సీడీ27 లేని మెమరీ" ఇదే.

ఇంకొక మాట. పుస్తకంలో నాలుగు గడులూ నాలుగు దీవుల్లా గీస్తారు. తెర మీద అలా ఉండదు, సీడీ27 ఎడమ నుంచి కుడికి పొగలా సాగుతుంది, మధ్యలో గీత ఎక్కడ పెట్టాలన్నది మీ చేతిలో ఉంటుంది. మిల్లీమీటరు జరిపితే మెమరీ శాతం మారిపోతుంది. అందుకని థీసిస్‌లో "మెమరీ బి కణాలు" అని ఊరుకోకండి, "సీడీ19 పాజిటివ్, ఐజీడీ నెగెటివ్, సీడీ27 పాజిటివ్, ప్లాస్మాబ్లాస్టులు తీసేశాక" అని పూర్తిగా రాయండి, గేట్ల బొమ్మ కూడా పెట్టండి. చదివేవాళ్ళు తమకి నచ్చిన పేరు వాళ్ళే పెట్టుకుంటారు.

ప్రశ్న: పాత పేపర్లలో బీఎం1 నుంచి బీఎం5 దాకా కనిపిస్తున్నాయి. ఇప్పుడెవరూ వాడటం లేదా?

జవాబు: వాడతారు, తగ్గింది. 1994లో టాన్సిల్ కణాలను ప్రధానంగా ఐజీడీ, సీడీ38, సీడీ23 బట్టి విడదీసి, ఒక్కో గుంపులో మ్యుటేషన్లు లెక్కపెట్టిన పని అది. టాన్సిల్లో జెర్మినల్ సెంటర్లు ఉంటాయి కాబట్టి నైవ్ నుంచి జెర్మినల్ సెంటర్ మీదుగా మెమరీ దాకా ప్రయాణమంతా అక్కడ కనిపిస్తుంది, బీఎం3, బీఎం4 అంటే ఆ సెంటర్‌లోని కణాలే. గొడవ ఎక్కడొచ్చిందంటే దాన్ని యథాతథంగా రక్తానికి తగిలించినప్పుడు. సీడీ27 చూడని పద్ధతి కాబట్టి ఐజీడీ ఉన్న మెమరీ కణాలు బీఎం1, బీఎం2 గుంపుల్లో దాక్కుంటాయి. టాన్సిల్ పనికి ఇప్పటికీ మంచిదే.

ప్రశ్న: డీఎన్2, ఎటిపికల్ మెమరీ, టిష్యూ లాంటి మెమరీ, సీడీ21 లో (low), వయసుతో పెరిగే బి కణాలు... ఇవన్నీ ఒకటేనా మేడమ్? ఒకటే అయితే ఇన్ని పేర్లెందుకు?
– పీహెచ్‌డీ మొదటి సంవత్సరం

జవాబు: అన్నదమ్ములు అనుకోండి. కవలలు అని మాత్రం ఎవరైనా అంటే ఆధారం అడగండి.

ఇన్ని పేర్లు రావడానికి కారణం సులువు, ఒక్కో జబ్బు మీద పనిచేసేవాళ్ళు ఎవరికి వాళ్ళు విడిగా చూశారు. తరచూ ఇన్ఫెక్షన్లు వచ్చే కామన్ వేరియబుల్ ఇమ్యునోడెఫిషియెన్సీ రోగుల్లో సీడీ21 తగ్గిన బి కణాలు ఎక్కువగా కనిపించాయి, కాబట్టి "సీడీ21 లో" అన్నారు. 2008లో హెచ్ఐవీ మీద పనిచేసేవాళ్ళు సీడీ21, సీడీ27 రెండూ లేని, అలసిపోయినట్టున్న కణాలను చూసి, అవి టాన్సిల్లోని ఒక రకాన్ని పోలి ఉన్నాయని "టిష్యూ లాంటి మెమరీ" అన్నారు. మరుసటి ఏడాది మలేరియా వాళ్ళకి మాలీ దేశంలో, ఆ జబ్బు మళ్ళీ మళ్ళీ సోకేవాళ్ళ రక్తంలో అలాంటివే దొరికితే "ఎటిపికల్" అయ్యాయి. 2011లో ముసలి ఎలుకల్లో కనిపిస్తే "వయసుతో పెరిగేవి". లూపస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు) వాళ్ళు డబుల్ నెగెటివ్ గడిని ఇంకా చీల్చి, సీఎక్స్‌సీఆర్5 ఉన్నది డీఎన్1, అది పోయి సీడీ11సీ వచ్చినది డీఎన్2 అన్నారు.

దగ్గర పోలికలు గట్టివే. సీడీ21 తగ్గడం, సీడీ11సీ పెరగడం, లోపల టి-బెట్ అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ ఉండటం, ఎఫ్‌సీఆర్ఎల్5 అనే పైపొర ప్రొటీన్ కనిపించడం, వీటిలో చాలావరకు అందరికీ ఉమ్మడి. సీఎక్స్‌సీఆర్5 అంటే లింఫ్ గ్రంథిలో బి కణాల పేటకి దారి చూపించే రిసెప్టర్, అది పోయిందంటే ఆ కణం ఇంటికి కాకుండా ఇంకెక్కడికో బయలుదేరిందని అర్థం.

ఇక తేడాలు. లూపస్‌లో డీఎన్2 కణాలు అలసిపోయినవి కావు, టీఎల్ఆర్7 (ఆర్ఎన్ఏని పసిగట్టే రిసెప్టర్) సంకేతానికి రెచ్చిపోయి యాంటీబాడీ తయారుచేసే కణాలుగా మారడానికి సిద్ధంగా ఉంటాయని 2018లో చూపించారు. హెచ్ఐవీలో, మలేరియాలో చూసినవాళ్ళేమో మందకొడిగా ఉన్నాయన్నారు. ఒకే రకమైన కణాన్ని వేర్వేరు పరిస్థితుల్లో చూశారా, వేర్వేరు కణాలకి ఒకే వేషం ఉందా? ఇది పైపొర మార్కర్లు చూసి తేలే తగువు కాదు. పైగా గేట్లు కూడా ఒకటి కావు. "సీడీ21 లో" అని గీసిన గేటులో సీడీ27 ఉన్న కణాలు కూడా పడొచ్చు, తొలి ట్రాన్సిషనల్ కణాలకి కూడా సీడీ21 తక్కువే కాబట్టి అవీ పడొచ్చు. ఇమ్యునోడెఫిషియెన్సీ వాళ్ళు సీడీ38 కూడా తక్కువగా ఉండాలని షరతు పెట్టింది ట్రాన్సిషనల్ కణాలు దొర్లకుండానే. ఆ షరతు మర్చిపోయి శాతాలు పోల్చేవాళ్ళు చాలామంది.

కాబట్టి పేపర్ చదివేటప్పుడు పేరు మీద వేలు పెట్టి మూసేయండి, మెథడ్స్‌లో ఏ మార్కర్లు వాడారో చూడండి. పోల్చదగినవో కాదో అక్కడే తేలిపోతుంది.

ప్రశ్న: మా అమ్మకి రిటుక్సిమాబ్ ఇచ్చారు. ఆరు నెలల తర్వాత రిపోర్టులో బి కణాలు దాదాపు సున్నా అని వచ్చింది. ఇంకో బంధువు రిపోర్టులో స్విచ్డ్ మెమరీ 1.5 శాతం, తక్కువ అని ఎర్ర అక్షరాల్లో ఉంది. భయపడాలా?

జవాబు: చికిత్స సంగతి వాళ్ళ డాక్టర్ గారితోనే మాట్లాడండి, ఈ కాలమ్‌లో అది తేల్చలేను, తేల్చకూడదు. రిపోర్టు ఎలా చదవాలో చెప్తాను.

రిటుక్సిమాబ్ పని చేసేదే సీడీ20 ఉన్న బి కణాలను తుడిచేసి. కాబట్టి సున్నా రావడం ఆ మందు చేయాల్సిన పనే. ఇక్కడో చిన్న కిటుకుంది. మందు తీసుకున్నవాళ్ళలో బి కణాలను సీడీ20తో లెక్కపెట్టకూడదు, ఆ మందే పోయి సీడీ20 మీద కూర్చుని మన యాంటీబాడీకి చోటివ్వకపోవచ్చు. అందుకే బి కణాలకి ఇంకో గుర్తయిన సీడీ19తో లెక్కపెడతారు. ఎముక మజ్జలోని ప్లాస్మా కణాల మీద సీడీ20 ఉండదు, మందు వాటిని నేరుగా తాకదు, పాత యాంటీబాడీలు చాలావరకు నిలిచేది అందుకే. సాధారణంగా ఆరు నుంచి పన్నెండు నెలల్లో కణాలు తిరిగొస్తాయి, మొదట వచ్చేవి ట్రాన్సిషనల్, మెమరీ ఆలస్యం. అప్పుడు రిపోర్టులో ట్రాన్సిషనల్ శాతం ఎక్కువగా ఉంటే అది కొత్త పంట మొదలైన గుర్తు.

రెండో రిపోర్టులో ముందు చూడాల్సింది ఆ 1.5 శాతం దేనిలో అని. బి కణాల్లోనా, మొత్తం లింఫోసైట్లలోనా? ఈ తికమక పుస్తకాల్లోనే ఉంది. 2002 నాటి ఫ్రైబుర్గ్ వర్గీకరణలో స్విచ్డ్ మెమరీకి గీత 0.4 శాతం, అది రక్తంలోని లింఫోసైట్లలో. 2008 నాటి యూరోక్లాస్ వర్గీకరణలో గీత 2 శాతం, అది బి కణాల్లో. ఒకరి లింఫోసైట్లలో బి కణాలు 10 శాతం అనుకోండి, అప్పుడు ఫ్రైబుర్గ్ గీత బి కణాల్లో 4 శాతం అవుతుంది. స్విచ్డ్ మెమరీ 3 శాతం ఉన్న మనిషి ఒక పద్ధతిలో గీత కింద, ఇంకో పద్ధతిలో గీత పైన. మనిషి మారలేదు, భాగహారం మారింది.

పైగా ఆ రెండు వర్గీకరణలూ ఇమ్యునోడెఫిషియెన్సీ ఉందని అప్పటికే తేలిన రోగులను గుంపులుగా విడదీయడానికి చేసినవి. ఎవరికి ప్లీహం పెరగొచ్చు, ఎవరికి గ్రంథులు వాచొచ్చు అని అంచనా వేయడానికి. జబ్బుందో లేదో చెప్పే పరీక్షగా వాటిని తయారుచేయలేదు. పిల్లల విషయంలో అయితే వయసు తప్పనిసరిగా చూడాలి, పుట్టినప్పుడు బొడ్డుతాడు రక్తంలో ఉండేవి దాదాపుగా నైవ్, ట్రాన్సిషనల్ కణాలే, మెమరీ ఏళ్ళ తరబడి కూడుకుంటుంది. చిన్నపిల్లల అంకెని పెద్దవాళ్ళ గీత పక్కన పెడితే ఎర్ర అక్షరాలు రాక ఏమొస్తాయి?

ప్రశ్న: రెగ్యులేటరీ బి కణాలు, మనుషుల్లో బి1 కణాలు నిజంగా ఉన్నాయా?

జవాబు: మొదటి దానికి, పని ఉంది, ముఖం లేదు. ఐఎల్-10 అనే సంకేత ప్రొటీన్ వదిలి మంటను చల్లార్చే బి కణాలున్నాయి, అందులో అనుమానం లేదు. కానీ రెగ్యులేటరీ టి కణాలకి ఫాక్స్‌పీ3 ఉన్నట్టు వీటికి ఒక ఖాయమైన గుర్తు దొరకలేదు. సీడీ24, సీడీ38 ఎక్కువగా ఉన్న గుంపులో అలాంటివి ఉన్నాయని 2010లో చూపించారు, సరిగ్గా అదే గేటుని పక్క ల్యాబ్ వాళ్ళు ట్రాన్సిషనల్ అంటారు. ఆ గేటు గీసి, కణాలు ఏం వదులుతున్నాయో చూడకుండానే "రెగ్యులేటరీ కణాలు తగ్గాయి" అని రాస్తే నేనైతే నమ్మను.

బి1 విషయం ఇంకా తమాషా. ఎలుకల్లో బాగా తెలిసిన, యాంటీజెన్ కోసం ఆగకుండా యాంటీబాడీలు వదిలే రకం అది. సీడీ20, సీడీ27, సీడీ43 మూడూ ఉన్న కణాలే మనిషి బి1 అని 2011లో ఒక బృందం అంది. కొందరు అవి ప్లాస్మాబ్లాస్ట్ కాబోతున్న కణాలన్నారు. ఇంకొందరు వేసిన ప్రశ్న నాకు బాగా నచ్చింది: టి కణం మీద సీడీ27, సీడీ43 మామూలుగానే ఉంటాయి కదా, ఒక బి కణం, ఒక టి కణం అంటుకుని జంటగా లేజర్ ముందుకొస్తే యంత్రానికి ఎలా కనిపిస్తాయి? సీడీ20, సీడీ27, సీడీ43 మూడూ ఉన్న ఒకే కణంలా. జంటలను తీసేశాక ఎన్ని మిగిలాయన్నదే అసలు లెక్క.

ఎలుక మార్కర్లు మనిషికి పనికొస్తాయా అని కూడా అడిగారు. గుడ్డిగా వద్దు. ఎలుక మెమరీ బి కణాలకి సీడీ27 పనికిరాదు, సీడీ80, పీడీ-ఎల్2, సీడీ73 చూస్తారు.

ప్రశ్న: ఇప్పుడు సింగిల్ సెల్ ఆర్ఎన్ఏ సీక్వెన్సింగ్ వచ్చింది కదా. కంప్యూటరే గుంపులు కట్టేస్తుంది. ఈ గేట్లు గీసే పని ఇక పోయినట్టేనా?

జవాబు: నాకూ కొన్నాళ్ళు అలాగే ఆశ పుట్టింది.

ఒక్కో కణంలో వేల జన్యువుల ఆర్ఎన్ఏ చదవడం చిన్న విషయం కాదు. 2017 నుంచి యాంటీబాడీలకి రంగుకి బదులు డీఎన్ఏ బార్‌కోడ్ కట్టి, పైపొర ప్రొటీన్లను కూడా అదే కణంలో లెక్కపెడుతున్నారు. యాంటీబాడీ జన్యువు వరుస కూడా చదవొచ్చు కాబట్టి ఏ కణం ఏ కణానికి చుట్టమో తెలుస్తుంది. నా దృష్టిలో బి కణాలకి అన్నిటికంటే పెద్ద లాభం ఇదే. మ్యుటేషన్లు, స్విచ్, వంశవృక్షం, మూడూ ఒకే కణంలో.

కానీ గుంపులు కంప్యూటర్ కట్టిందంటే దేవుడు కట్టినట్టు కాదు. రిజల్యూషన్ అనే ఒక అంకె మనమే ఇస్తాం, దాన్ని పెంచితే గుంపులు పెరుగుతాయి, తగ్గిస్తే తగ్గుతాయి. ఇమ్యునోగ్లోబ్యులిన్ (యాంటీబాడీ) జన్యువులను లెక్కలోంచి తీయకపోతే కణాలు వాటి స్థితిని బట్టి కాకుండా యాంటీబాడీ చిన్న గొలుసుకి కప్పా రకం వాడాయా, లాంబ్డా రకం వాడాయా అని చీలిపోతాయి. అందమైన రెండు గుంపులు, అర్థం మాత్రం శూన్యం. సీడీ27 ఆర్ఎన్ఏ అంతంత మాత్రమే దొరుకుతుంది కాబట్టి ప్రొటీన్ ఉన్న కణంలో కూడా సున్నా చూపించవచ్చు. కణాలను పోలికను బట్టి పరిచే యూమ్యాప్ బొమ్మలో రెండు మబ్బులు దూరంగా ఉన్నాయని ఆ కణాలు అంత దూరం అనుకోవడం ఇంకో పొరపాటు.

చివరికి ఏం జరుగుతోందంటే, ఆ గుంపులకి పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు అందరూ మళ్ళీ ఐజీడీ, సీడీ27 దగ్గరికే వస్తున్నారు. రోగి రక్తం ఉదయం వచ్చి సాయంత్రానికి రిపోర్టు కావాలన్నా ఫ్లోనే దిక్కు. గేట్లు గీసే పని ఎక్కడికీ పోలేదు.

ప్రశ్న: నా దగ్గర పది రంగులు చూసే యంత్రం ఉంది. ఆటోఇమ్యూన్ రోగుల రక్తంలో బి కణాలు చూడాలి. ఏ మార్కర్లు పెట్టాలి, ఎక్కడ కాలు జారుతుంది?
– రీసెర్చ్ ఫెలో

జవాబు: నేనైతే ఒక రంగులో చచ్చిన కణాలను చూపే రంగు, సీడీ3 (టి కణాల గుర్తు), సీడీ14 (మోనోసైట్ల గుర్తు) మూడూ కలిపి పెట్టేస్తాను. అందులో మెరిసినదాన్నల్లా అవతల పారేయడమే. మిగతా తొమ్మిదికి సీడీ19, ఐజీడీ, ఐజీఎం, సీడీ27, సీడీ38, సీడీ24, సీడీ21, సీడీ11సీ, సీఎక్స్‌సీఆర్5. వీటితో పైన చెప్పిన తగువులన్నిటిలోనూ కనీసం ఒక పక్షం వాదన మీరు చూడగలరు. ప్లాస్మా కణాలు కూడా కావాలంటే సీడీ138 కావాలి, కానీ ఫ్రీజ్ చేసిన శాంపిల్‌లో దాన్ని నమ్ముకోకండి, కరిగించాక చాలా తగ్గిపోతుంది.

ఎన్ని కణాలు నడపాలో ముందే లెక్కేసుకోండి. లక్ష లింఫోసైట్లు నడిపారనుకోండి, బి కణాలు 10 శాతం అంటే పదివేలు, అందులో డీఎన్2 అర శాతం అంటే యాభై. యాభై చుక్కలు లెక్కపెడితే అటూ ఇటూ ఏడు తేడా ఊరికే వస్తుంది. అంత చిన్న గుంపు మీద రోగికీ ఆరోగ్యవంతుడికీ తేడా ఉందని వాదించాలంటే ఐదారు లక్షలైనా నడపాలి.

కాలు జారే చోటు అడిగారు కాబట్టి నాది నేనే చెప్తాను. చాలా ఏళ్ళ కిందట నేను సీడీ27కి పీఈ-సై7 అనే రంగు, సీడీ11సీకి పీఈ అనే రంగు వాడాను. పీఈ-సై7 జంట రంగు, రెండు రంగులు అతికించి ఉంటాయి, మొదటిది లేజర్ కాంతి పట్టుకుని రెండోదానికి అందిస్తుంది, మెరిసేది రెండోది. ఆ సీసా బల్ల మీద లైట్ల కింద ఎంతసేపు ఉందో నాకు తెలియదు, నేనే పెట్టి మర్చిపోయాను. కాంతికి రెండో రంగు పాడైతే అందుకునేవాళ్ళు ఉండరు, మొదటిదే మెరుస్తుంది, అది పీఈ. అంటే నా స్విచ్డ్ మెమరీ కణాలన్నీ సీడీ27 తగ్గి, సీడీ11సీ పెరిగినట్టు కనిపించాయి. ఐజీడీ ఎలాగూ లేదు. చూడటానికి అచ్చం డీఎన్2. రెండు రోజులు నేల మీద నడవలేదు నేను, రోగుల్లో ఇంత పెద్ద గుంపు దొరికిందని స్లైడ్లు కూడా తయారుచేసేశాను.

మూడో రోజు మా ల్యాబ్ టెక్నీషియన్ ఒకే ఒక్క ప్రశ్న వేసింది, "సీడీ11సీ వేయని ట్యూబ్ ఏదీ?" అని. మిగతా అన్ని రంగులూ వేసి ఒక్కటి మాత్రం వదిలేసే కంట్రోల్, దాన్నే ఎఫ్ఎంఓ అంటాం. నేను ఆ పూట బద్ధకించి పెట్టలేదు. పెట్టి నడిపితే సీడీ11సీ యాంటీబాడీ చుక్క కూడా లేని ట్యూబ్‌లో నా డీఎన్2 గుంపు ఎక్కడికీ పోకుండా అక్కడే కూర్చుని ఉంది.

కాబట్టి సీడీ27కి, సీడీ11సీకి, సీడీ21కి, సీఎక్స్‌సీఆర్5కి ఎఫ్ఎంఓలు తప్పనిసరి, జంట రంగుల సీసాలు ఫాయిల్ చుట్టి ఫ్రిజ్‌లో, రోగుల శాంపిళ్ళూ ఆరోగ్యవంతుల శాంపిళ్ళూ ఒకే రోజు ఒకే సీసాలతో. రంగుల జాబితా, యంత్రంలో ఏ లేజర్లు ఉన్నాయో రాసి పంపండి, ఏ మార్కర్‌కి ఏ రంగు పెట్టాలో వచ్చే సంచికలో విడిగా చూద్దాం.